నలభై నిమిషాల రికార్డే నాకు పూర్తి రచన

పాత సినిమాల నేపథ్య సంగీతాన్ని రికార్డుల మీద సేకరించే నాలాంటి వాళ్లకు పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. అదే చిత్రం కోసం రికార్డు చేసిన సంగీతమంతా, ఒక్క తునక కూడా వదలకుండా, గంటన్నర నిడివితో, చిటపటలు లేని డిజిటల్ రూపంలో దొరుకుతున్నప్పుడు, అందులో సగం కూడా లేని పాత ఎల్పీ కోసం, అంటే రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు మోగే పెద్ద రికార్డు కోసం, ఏళ్ల తరబడి వెతకడం ఎందుకని అడుగుతారు. జ్ఞాపకాల మీది మమకారమనో, పెద్ద అట్ట మీది బొమ్మ మీద మోజనో ఒక సమాధానాన్ని కూడా వాళ్లే అందిస్తారు. ఆ మమకారమూ ఆ మోజూ నాకు లేకపోలేదు. అయితే నా వెతుకులాటకు అసలు కారణం వేరే ఉంది. చాలా సందర్భాల్లో ఆ నలభై నిమిషాల సంగీతం అదే స్వరకర్త రెండోసారి కూర్చుని సిద్ధం చేసిన మరో రచన. అది ఏ యంత్రం కోసం తయారైందో ఆ యంత్రం మీద వింటేనే దాని కూర్పు అర్థమవుతుంది. ఇది చాలాకాలం విని, సరిపోల్చి, అభిప్రాయాలు మార్చుకుని నేను చేరుకున్న నిర్ణయం గనుక, దానికి దారితీసిన కారణాలను కొంత వివరంగానే రాస్తున్నాను.

నేపథ్య సంగీతం ఏ పరిస్థితుల్లో పుడుతుందో ముందు చూడాలి. ఎడిటింగ్ పూర్తయ్యాక, సంగీతం ఫలానా దృశ్యంలో మొదలై ఫలానా చోట ఆగాలని సెకన్లలో లెక్కకట్టి స్వరకర్తకు ఇస్తారు. తలుపు తెరుచుకున్నప్పుడు మొదలైన రాగం తాను ఎటు పోదలచుకుందో తేల్చుకోకముందే, తలుపు మూసుకోగానే ఆగిపోవాలి. ఇరవై సెకన్ల ఖండికలు, నలభై సెకన్ల ఖండికలు, మాటల కింద వినీ వినపడకుండా సాగే ఒకే ఒక్క స్వరం, ఇవన్నీ తెర మీద తమ పనిని చక్కగా నెరవేరుస్తాయి. వాటినే సినిమాలో వచ్చిన వరుసలో పేర్చి తెర లేకుండా వినిపిస్తే, పక్క గదిలో ఎవరో ఫోన్‌లో మాట్లాడుతుండగా ఒకవైపు మాటలే మన చెవిన పడినట్టు ఉంటుంది. మాట్లాడేది ఎంత గొప్ప వక్త అయినా, అవతలి మాట వినపడనప్పుడు ఆ సంభాషణ మనకు సగమే అందుతుంది.

మంచి స్వరకర్తలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. 1975లో వచ్చిన ‘జాస్’ చిత్రానికి జాన్ విలియమ్స్ సమకూర్చిన సంగీతాన్నే తీసుకుందాం. సినిమా కోసం రికార్డు చేసిన టేపులను ఆయన ఆల్బమ్‌కు వాడలేదు; వాద్యబృందాన్ని మళ్లీ కూర్చోబెట్టి, ఎల్పీ కోసం ప్రత్యేకంగా వాయింపించారు. తెర మీద అక్కడొకటి ఇక్కడొకటిగా వినిపించి తెగిపోయే ఖండికలు ఆ రికార్డులో ఒకదానితో ఒకటి కలిసి, కాస్త విస్తరించి, తమ ముగింపును తాము చేరుకుంటాయి. మొత్తం నిడివి సుమారు 35 నిమిషాలు. సినిమాలో వినిపించిన అసలు టేపులు 2000లో గానీ విడుదల కాలేదు. అంటే పాతికేళ్లపాటు జనం ఇళ్లలో పెట్టుకుని విన్నది ఆ రెండో రచననే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు విన్నాను. టేపులు విన్నప్పుడల్లా దృశ్యాలు గుర్తొస్తాయి, ఎల్పీ విన్నప్పుడు సంగీతం గుర్తుంటుంది.

హెన్రీ మాన్సినీ ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకువెళ్లారు. 1961 నాటి ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్’ రికార్డు కోసం ఆయన సంగీతాన్ని మళ్లీ వాయింపించారు. సినిమా చూసినవాళ్లందరికీ గుర్తుండిపోయేది కిటికీ దగ్గర కూర్చుని ఆడ్రీ హెప్‌బర్న్ తన సొంత గొంతుతో పాడిన పాట. ఆ గొంతు ఆ రికార్డులో లేదు. మొదటిసారి ఆ రికార్డు తెచ్చుకుని, రెండు వైపులా వెతికి, అది లేదని తెలిసినప్పుడు మోసపోయానని బాధపడిన మాట నిజం. తర్వాత మెల్లగా అర్థమైంది: ఆ రికార్డు తయారుచేసినవాళ్లు సినిమాను ఇంటికి పంపే ప్రయత్నం చేయలేదు, సాయంత్రం పూట కూర్చుని వినడానికి ఒక వాద్య సంగీత కచేరీని తయారుచేశారు.

దీని వెనుక డబ్బు లెక్క కూడా ఉందన్నది దాచనక్కర్లేదు. అమెరికాలో వాద్యకారుల సంఘంతో ఉన్న ఒప్పందాల ప్రకారం, సినిమా కోసం వాయించినదాన్ని రికార్డుగా అమ్మితే ఆ వాద్యకారులకు మళ్లీ రుసుము చెల్లించాలి. కొన్నిసార్లు చిన్న బృందంతో కొత్తగా వాయింపించుకోవడమే నిర్మాతలకు గిట్టుబాటయ్యేది. కారణం ఏదైనా, ఫలితంగా స్వరకర్తకు తన సంగీతాన్ని గడియారం ఒత్తిడి లేకుండా మరోసారి ముట్టుకునే అవకాశం దొరికింది. ఆ అవకాశం ఎంత విలువైనదో బెర్నార్డ్ హెర్మన్ ఉదాహరణ చెబుతుంది. 1960లో ఆయన సంగీతం సమకూర్చిన ‘సైకో’ వచ్చినప్పుడు ఆ సంగీతం ఎల్పీగా వెలువడలేదు. పదిహేనేళ్ల తర్వాత, 1975లో, తాను కన్నుమూసిన సంవత్సరంలోనే, హెర్మన్ స్వయంగా నేషనల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందాన్ని నడిపిస్తూ దాన్ని రికార్డు చేశారు. తీగ వాద్యాలు తప్ప మరేమీ లేని ఆ సంగీతం ఈ రికార్డులో సినిమాలోకంటే నిదానంగా నడుస్తుంది. సినిమాకు అలవాటుపడిన చెవికి అది మొదట బరువుగా తోస్తుంది గానీ, రెండు మూడుసార్లు విన్నాక, తరుముతున్న దృశ్యమేదీ లేనప్పుడు ఆ స్వరాలు ఎంతసేపు నిలబడాలని వాటిని రాసినవాడు కోరుకున్నాడో తెలుస్తుంది. ఒక స్వరకర్త తన రచన మీద చెప్పిన చివరి మాటగా నేను దాన్ని వింటాను.

ఎల్పీ రాకముందు ఈ పని ఎంత కష్టంగా ఉండేదో తెలిస్తే, ఆ నలభై నిమిషాల విలువ ఇంకా తెలుస్తుంది. 1938లో ‘స్నో వైట్’ సంగీతం నిమిషానికి 78 చుట్లు తిరిగే మూడు రికార్డుల కట్టగా వెలువడింది; సినిమా నుంచి నేరుగా తీసుకుని అమ్మకానికి పెట్టిన తొలి ఆల్బమ్‌గా దాన్ని చెప్పుకుంటారు. మిక్లోష్ రోజా 1942 నాటి ‘జంగిల్ బుక్’కు చేసిన సంగీతాన్ని అలాంటి రికార్డుల మీదికి తెచ్చినప్పుడు, ఆ చిత్రంలో నటించిన సాబు చేత కథ చెప్పించి, ఆ మాటల వెంట సంగీతాన్ని నడిపించారు. నాలుగైదు నిమిషాలకొకసారి లేచి రికార్డు తిప్పవలసిన రోజుల్లో, తెర లేని సంగీతానికి కథకుడి ఊతం అవసరమని వాళ్లు భావించి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ ఊతం లేకుండా నిలబడాలంటే ఇరవై నిమిషాలపాటు ఎడతెగకుండా సాగే స్థలం కావాలి.

ఆ స్థలాన్ని ఇచ్చిన వేగం కూడా సినిమా నుంచే వచ్చిందన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. 1926లో వైటాఫోన్ పద్ధతిలో సినిమాకు శబ్దాన్ని జోడించినప్పుడు, ఆ శబ్దం ఫిల్ము మీద కాక 16 అంగుళాల రికార్డు మీద ఉండేది. వెయ్యి అడుగుల రీలు, నిమిషానికి 90 అడుగుల చొప్పున, సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. రికార్డు ఒక వైపు ఆ 11 నిమిషాలూ సరిపోవాలంటే 78 చుట్ల వేగం పనికిరాదు. అందుకే నిమిషానికి 33⅓ చుట్ల వేగాన్ని ఎంచుకున్నారు. ఆ రికార్డుల మీద ముల్లు లోపలి నుంచి బయటికి నడిచేది. 1948 జూన్‌లో కొలంబియా సంస్థ సన్నని గాడులతో, వినైల్‌తో చేసిన ఎల్పీని ప్రకటించినప్పుడు అదే వేగాన్ని ఉంచింది. రీలు నిడివి కోసం పుట్టిన వేగం, వైపుకు ఇరవై నిమిషాలకు పైగా సంగీతాన్ని పట్టగలిగిన రూపంలో, మళ్లీ సినిమా సంగీతం దగ్గరికే వచ్చి చేరింది.

ఇక కూర్పు సంగతికి వస్తాను, ఎందుకంటే నా వాదనలో ముఖ్యమైన భాగం ఇదే. 12 అంగుళాల రికార్డు ఒక చుట్టు తిరగడానికి, ముల్లు అంచున ఉన్నా మధ్యకు చేరినా, 1.8 సెకన్లే పడుతుంది. కానీ అంచు దగ్గర ఆ 1.8 సెకన్లలో ముల్లు కింద సాగిపోయే గాడి పొడవు ఎక్కువ, మధ్యలోని లేబుల్ దగ్గర చాలా తక్కువ. లెక్కవేస్తే, మొదట్లో సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి, చివర్లో సుమారు 21 సెంటీమీటర్ల గాడి. ఒకే శబ్దం చివరికి వచ్చేసరికి సగంకంటే తక్కువ చోటులో ఇరుక్కోవలసి వస్తుంది. హెచ్చు స్థాయి స్వరాల అలలు అక్కడ ఎంత దగ్గరదగ్గరగా చెక్కి ఉంటాయంటే, ముల్లు కొన వాటిలోకి సరిగా దిగలేదు. తాళాల మోతలు, బాకాల గర్జనలు చివరి గాడుల్లో చీలినట్టు వినిపిస్తాయి. కాబట్టి తెలివైన కూర్పరి ఆర్భాటాన్ని అంచున పెట్టి, ఏకాంతాన్ని లేబుల్ పక్కన పెడతాడు. దీనికి మినహాయింపులు బోలెడు ఉన్నాయి. పెద్ద ముగింపును రెండో వైపు చివర్లోనే పెట్టక తప్పని రికార్డులు నా దగ్గరే పదుల్లో ఉన్నాయి, అవి చివరి రెండు నిమిషాల్లో బొంగురుపోతాయి కూడా. అయినా మొదటి వైపు చివర ఒక నెమ్మదైన ఖండిక వచ్చి ఆగడం, లేచి వెళ్లి రికార్డు తిప్పే ఆ అర నిమిషం నిశ్శబ్దం, ఆ తర్వాత రెండో వైపు కొత్త ఊపుతో మొదలవడం, ఇదంతా నాటకంలో విరామంలాంటి నిర్మాణం. సినిమాలోని వరుసను ఆల్బమ్‌లో ఎందుకు మార్చారో గాడి చుట్టు చూస్తే అర్థమవుతుంది. ఫైళ్ల జాబితా చూస్తే అర్థం కాదు.

1977 నాటి ‘స్టార్ వార్స్’ జంట ఎల్పీలో ఈ ఆలోచన ఇంకొక రూపంలో కనిపిస్తుంది. లండన్ సింఫనీ వాద్యబృందం వాయించిన ఆ సంగీతాన్ని విలియమ్స్ సినిమా క్రమంలో కాకుండా వినడానికి అనువైన క్రమంలో అమర్చారు. అంతేకాక ఒక రికార్డు మీద 1, 4 వైపులను, రెండోదాని మీద 2, 3 వైపులను అచ్చువేశారు. రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే వాటంతటవే ఒక్కొక్కటిగా పడే ఆటోమేటిక్ ఛేంజర్లు అప్పటికి ఇంకా ఇళ్లలో ఉన్నాయి. మొదటి వైపు అయ్యాక రెండో రికార్డు దానిమీద పడుతుంది, ఆ తర్వాత రెండింటినీ కలిపి ఒక్కసారి తిప్పితే 3, 4 వైపులు వరుసగా వస్తాయి. ఈ సంగతి తెలియనంతకాలం ఆ అంకెలు అచ్చు పొరపాటని అనుకునేవాణ్ణి.

యంత్రం లేకుండా రికార్డు అర్థం కాదని నేను అనడానికి కారణం ఇలాంటివే. పాత టర్న్‌టేబుళ్లలో మోటారు తిప్పుడును రికార్డు ఉండే పళ్లేనికి అందించే పద్ధతులు ముఖ్యంగా మూడు. 1954లో వచ్చిన గారార్డ్ 301 లాంటి వాటిలో మోటారు ఇరుసుకూ పళ్లెం లోపలి అంచుకూ మధ్య ఒక రబ్బరు చక్రం ఒత్తుకుని తిరుగుతుంది. 1961లో ఏఆర్ సంస్థ తెచ్చిన యంత్రంలో పొడవాటి బెల్టు, స్ప్రింగుల మీద తేలే లోపలి చట్రం ఉంటాయి. 1970లో టెక్నిక్స్ ఎస్పీ-10తో మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పే పద్ధతి వచ్చింది. ఏది గొప్పదన్న పాత తగాదాలోకి నేను వెళ్లను. నా దగ్గర ఉన్నది రబ్బరు చక్రం యంత్రం. దాని మీద డప్పులు, మంద్ర స్వరాలు కదిలే తీరు నాకు ఇష్టం. కానీ నేపథ్య సంగీతం ఏ టర్న్‌టేబుల్‌కైనా కఠినమైన పరీక్షే. పాట అయితే లయ, గొంతు కలిసి యంత్రం లోపాలను కప్పేస్తాయి. వయొలిన్లన్నీ కలిసి ఒకే స్వరాన్ని పది సెకన్లు పట్టి ఉంచే చోట కప్పడానికి ఏమీ ఉండదు. రికార్డు మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ స్వరం 1.8 సెకన్లకొకసారి ఊగుతుంది, ఇరుసులో నూనె ఎండిపోతే కింద నుంచి గుర్రుమనే మోత లేస్తుంది.

నేను ఆ యంత్రాన్ని తెచ్చుకున్న తొలిరోజున పెట్టిన మొదటి రికార్డు అంతులేని విషాదంతో మోగింది. బాకాలు బావిలోంచి వచ్చినట్టున్నాయి. స్వరకర్త ఉద్దేశమే అది కాబోలని పది నిమిషాలపాటు శ్రద్ధగా విన్నాను. తర్వాత, వేగం సరిగా ఉంటే నిలబడినట్టు కనిపించే 180 గీతలున్న స్ట్రోబ్ బిళ్లను పళ్లెం మీద పెట్టి, మెయిన్స్ కరెంటుతో వెలిగే చిన్న నియాన్ దీపం కింద చూస్తే గీతలు నిలబడలేదు, వెనక్కి పరుగెత్తాయి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట తిరగడానికి తయారైన మోటారు ఇరుసు బొడ్డు, అంటే రబ్బరు చక్రాన్ని తిప్పే చిన్న భాగం, 50 హెర్ట్జ్ మీద తిరుగుతోంది. వేగం ఆరోవంతు తగ్గి, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా కిందికి జారింది. అమ్మిన వ్యక్తి ఆ విషయం చెప్పలేదు. సరైన బొడ్డు దొరికి, బిగించి, గీతలు దీపం కింద కదలకుండా నిలబడిన క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అది కుదిరాక ఇంకొకటి బయటపడింది. నిశ్శబ్దంగా ఉండే చోట్ల టక్కు టక్కుమని ఒక సన్నని చప్పుడు. యంత్రం తిరగకపోయినా దాని మీటను ఆఫ్‌కు తిప్పకుండా ఎన్నో ఏళ్లు అలాగే వదిలేయడం వల్ల రబ్బరు చక్రం మోటారు ఇరుసుకు ఆనుకున్న చోట సొట్టపడింది. పళ్లెం ఎత్తి, చక్రాన్ని బయటికి తీసి, వేలితో అంచు చుట్టూ నిమిరితే కంటికి కనిపించని ఆ పల్లం గోరుకు తెలిసింది. దాన్ని సానబట్టించి, పళ్లెం ఇరుసు గూటిలో నల్లగా గడ్డకట్టిన పాత నూనెను స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, కొత్త నూనె నాలుగు చుక్కలు వేశాను. బరువైన పళ్లేన్ని తిరిగి ఇరుసు మీద పెట్టినప్పుడు అది ఒక్కసారిగా పడిపోకుండా, లోపలి గాలిని మెల్లగా బయటికి పంపుతూ, తన బరువుతో తానే దిగుతుంది. పని సరిగ్గా చేశామనడానికి అంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు.

నా వాదనకు అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో కొన్ని నిజమైనవి. ప్రతి సినిమా ఎల్పీ స్వరకర్త మనసుపెట్టి కూర్చినది కాదు. మూడు నిమిషాల పాటను నాలుగు రకాలుగా వాయించి రెండు వైపులూ నింపిన రికార్డులు ఉన్నాయి. ‘వెర్టిగో’ సంగతి ఇంకా వేరు. 1958లో అమెరికా వాద్యకారుల సమ్మె కారణంగా ఆ సంగీతాన్ని హెర్మన్ నడిపించలేకపోయారు. మ్యూర్ మాథీసన్ ఆధ్వర్యంలో లండన్‌లో మొదలుపెట్టి, అక్కడా ఆటంకం రావడంతో వియన్నాలో పూర్తిచేశారు. అప్పటి ఎల్పీ ఆ టేపుల్లోంచి ఏరిన భాగం మాత్రమే, కొత్తగా చేసిన రచన కాదు. ఇలాంటి చోట తర్వాత వచ్చిన విస్తృతమైన విడుదలనే నేనూ వింటాను, దాన్ని వెలికితీసినవాళ్ల శ్రమకు కృతజ్ఞుణ్ణి. నేను కోరేది ఒక్కటే: ఏ రికార్డు కత్తిరింపు, ఏ రికార్డు పునఃరచన అన్నది విని తేల్చుకోవాలి. నిడివిని బట్టి ముందే తీర్పు చెప్పకూడదు.

సీలు విప్పని రికార్డును బీరువాలో దాచి విలువ పెరగడం కోసం ఎదురుచూసే పద్ధతి మీద మాత్రం నాకు ఏ సానుభూతీ లేదు. అలా దశాబ్దాలు దాచిన రికార్డు ఒకటి నేను కొని విప్పితే, పైనున్న ప్లాస్టిక్ పొర ఏళ్ల తరబడి బిగిసి లోపలి రికార్డును గిన్నెలా వంచేసింది. ఒక్కసారి కూడా మోగకుండానే అది పాడైపోయింది.

చివరగా ఒక గూఢచారి చిత్రం రికార్డు గురించి చెప్పాలి. 1960ల నాటిది. మొదటి వైపు చివరి ఖండికలో వీణను పోలిన హార్ప్ మీద నాలుగు స్వరాలు, వాటి కింద పిల్లనగ్రోవి మంద్రంలో పలికే ఒక వాక్యం, అంతే. నా ప్రతిలో సరిగ్గా అక్కడే శబ్దం చీలేది. తప్పు నాదేననుకున్నాను. కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒక గుర్తు, 121 దగ్గర మరొకటి ఉన్న కాగితపు కొలబద్దను పరిచి, ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ ఆ రెండు చోట్లా గీతలకు సమాంతరంగా నిలబడేదాకా ఒక ఆదివారమంతా మరలు వదులు చేస్తూ, బిగిస్తూ కూర్చున్నాను. మిగతా రికార్డులన్నీ బాగుపడ్డాయి, అది బాగుపడలేదు. భూతద్దం పెట్టి చూస్తే ఆ చివరి గాడుల గోడలు మసకబారి బూడిదరంగులో ఉన్నాయి. అంతకుముందు ఎవరో ఐదారు గ్రాముల బరువుతో, అరిగిన ముల్లుతో దాన్ని వందలసార్లు మోగించి ఉంటారు. ఆ చివరి రెండు నిమిషాలు వాళ్లకు అంత ఇష్టమేమోనని కూడా అనిపించింది.

రెండో ప్రతి కోసం చాలాకాలం వెతికాను. ఈలోగా ఆ సంగీతం పూర్తి టేపుల నుంచి విడుదలైంది, తెప్పించుకున్నాను కూడా. అందులో ఆ హార్ప్ ఖండిక మధ్యలో ఎక్కడో, ఒక వెంటాడే దృశ్యానికీ ఇంకో వెంటాడే దృశ్యానికీ మధ్య, ముప్పై సెకన్లు వినిపించి పోతుంది; పిల్లనగ్రోవి వాక్యం పూర్తికాకుండానే కారు స్టార్ట్ చేసే దృశ్యం కోసం తెగిపోతుంది. మొన్న దొరికిన రెండో ప్రతిని మెత్తని బ్రష్షుతో తుడిచి, మొదటి వైపు పెట్టాను. ముల్లు లేబుల్ దగ్గరికి వచ్చింది. నాలుగు స్వరాలు విడివిడిగా, ఏ గీకుడూ లేకుండా మోగాయి. పిల్లనగ్రోవి ఆ వాక్యాన్ని చివరిదాకా పలికింది. నేను వెంటనే లేచి రెండో వైపు తిప్పలేదు.